నిండుకున్నాయి అనండి

ప్రశ్న: నా వయసు ముప్పై రెండు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాను. 1984లో కరణాల పదవులు రద్దయ్యేదాకా తాతయ్య ఆ ఊరి కరణం. వాళ్ళ మాటలే నాకు పట్టుబడ్డాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తున్నాను. నేను ‘నిరుడు’, ‘సందెవేళ’, ‘కాఫీ పుచ్చుకోండి’ అన్నప్పుడల్లా పక్క సీట్లవాళ్ళు నవ్వుతారు. ఒకసారి మీటింగులో ‘ఈ కాగితాల మీద బేస్తవారం లోపల చేవ్రాలు చేయండి’ అన్నాను. ఆ రోజు నుంచి నా పేరు ‘బామ్మగారు’. సరదాకే అంటారు, నా మీద కోపం లేదు. కానీ విని విని, నోరు తెరిచే ముందు ప్రతి మాటా తూచుకోవడం అలవాటైపోయింది. పోయిన నెల అమ్మమ్మతో ఫోనులో మాట్లాడుతూ ‘బియ్యం అయిపోయాయి, దుకాణానికి వెళ్ళాలి, మళ్ళీ చేస్తాను’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా ‘నిండుకున్నాయనవే తల్లీ’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత మాటలు పట్టుకుని వేళ్ళాడటం చాదస్తమా? మానేయనా, ఉంచుకోనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఆఫీసు సంగతే ఎక్కువ రాశారు. నిద్ర చెడగొట్టింది మాత్రం అమ్మమ్మగారి మాట. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

బియ్యం డబ్బా అడుగంటితే ‘నిండుకుంది’ అనడం ఎంత పెద్ద మనసులో పుట్టిన ఊహో చూడండి. ఖాళీ అయినదాన్ని పట్టుకుని నిండింది అంటున్నాం. గాదెలో గింజ ఉంటేనే పొయ్యి వెలిగే రోజుల్లో, వానలు మొహం చాటేస్తే ఊరు ఊరంతా పస్తులుండే రోజుల్లో ఒక ఇల్లాలు ఈ మాట అని ఉంటుంది. పిల్లలు వింటున్నారు, గుమ్మంలో చుట్టం ఉన్నాడు. లేవు అనడానికి ఆమెకు నోరు రాలేదు. మళ్ళీ నిండాలన్న కోరికనే నిండినట్టుగా చెప్పింది. ‘అయిపోయింది’ అన్న మాటను మనం ఇంకెక్కడ వాడతామో కూడా తలుచుకోండి. ఆశ వదులుకున్న మనిషి గురించి ‘ఆయన పని అయిపోయింది’ అంటాం. మీ అమ్మమ్మగారి చెవిన ఆ మాట మీ వంటింట్లోంచి పడింది. ఆవిడ మీ తెలుగును దిద్దారని మీరు అనుకున్నట్టున్నారు. నాకైతే అలా అనిపించలేదు. దూరాన ఉన్న మనవరాలి ఇంటికి ఆవిడ అక్కడి నుంచే దిష్టి తీశారు.

ఇలాంటి మాటలు మనకు ఒక కుటుంబమంత ఉన్నాయి. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. మంగళసూత్రం తాడు తెగితే ‘పెరిగింది’ అంటారు. చీకట్లో పాము కరిస్తే దాని పేరెత్తకుండా ‘పురుగు ముట్టింది’ అంటారు. ఒంటి నిండా పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అంటారు. ఆకలిని, చీకటిని, జబ్బును అతి దగ్గరగా చూసినవాళ్ళు చేసుకున్న మాటలివి. ఎదుటివాళ్ళ గుండె మీద బరువు పడకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడటం వీటిలో ఉంది. పాత మాటల అందం అని అందరూ అంటుంటారే, నా దృష్టిలో దాని అసలు చోటు ఇదే.

మీ ఆఫీసువాళ్ళ దగ్గరికి వద్దాం. సాయంత్రం ఆరింటికి సంచి భుజాన తగిలించుకున్నప్పుడు వాళ్ళు ఏమంటారో ఒకసారి చెవి పెట్టి వినండి. ‘వెళ్తాను’ అనరు. ‘వస్తాను’, ‘వెళ్ళొస్తాను’ అంటారు. వెళ్ళిపోతూ వస్తానని చెప్పడం, నిండుకున్నాయి అన్న మాటకు స్వయానా తోబుట్టువు. మిమ్మల్ని బామ్మగారూ అని పిలిచే నోళ్ళలోనే మీ అమ్మమ్మగారి భాష రోజూ పలుకుతోంది. వాళ్ళకు తెలియదంతే.

ఆ మాటకొస్తే తెలుగు మాట్లాడే ఎవరికైనా ఇదే వర్తిస్తుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు. అణాను కళ్ళజూడని పిల్లలు కూడా ‘పదహారణాల తెలుగు పిల్ల’ అంటే నూటికి నూరుపాళ్ళూ అని ఠక్కున తెలుసుకుంటారు. ఇరవై అయిదు పైసల నాణెం 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేసింది, ‘పావలా వడ్డీ’ మాత్రం చెల్లుతూనే ఉంది. ‘వీసమెత్తు అనుమానం లేదు’ అంటారు కదా, వీసం అంటే పదహారో వంతు. కొలత పోయింది, నమ్మకాన్ని కొలవడానికి ఆ మాట మిగిలింది. శాసనసభలో ప్రభుత్వాన్ని ఎవరో ‘తూర్పారబట్టారు’ అని పత్రికల్లో చదువుతుంటాం. కళ్ళంలో గాలివాటున నిలబడి, చేటతో ధాన్యాన్ని పై నుంచి వదులుతూ, తాలు ఎగిరిపోతే గట్టి గింజ కాళ్ళ దగ్గర పడటం చూసినవాడు ఆ మాట పుట్టించాడు. ఇప్పుడు ఆ వార్త రాసేవాళ్ళలో ఆ పని చూసినవాళ్ళు తక్కువే ఉంటారు. అయినా మాట పదును తగ్గలేదు.

‘రేపు’ అనే మాట ఇంకా చిత్రమైనది. పాత తెలుగులో రేపు అంటే తెల్లవారు వేళ. ‘రేపకడ’ అంటే పొద్దు పొడిచే సమయం. తెల్లవారితే వచ్చే రోజు కాబట్టి క్రమంగా రేపు అంటే మరుసటి రోజు అయింది. ‘రేపు కలుద్దాం’ అని చెప్పే ప్రతివాళ్ళ నోటా ఒక సూర్యోదయం ఉంది.

ఇక మీరు అడిగిన చాదస్తం. ఆ మాట కథ వింటే మీకు కొంత ఊరటగా ఉంటుందని చెబుతున్నాను. ఛందస్సు అంటే వేదం, అది చదువుకున్నవాడు ఛాందసుడు. ఒకప్పుడు గౌరవమే. కాలం గడిచేకొద్దీ ఆ మాట కిందికి జారి, పట్టు విడుపు తెలియనివాడి పేరయింది. ‘కంపు’ కూడా అంతే, ఒకప్పుడు కమ్మని వాసనకూ ఆ మాట చెల్లేది. ‘కూడు’ అంటే మర్యాదగల అన్నమే, ఇప్పుడు కోపంలో తప్ప నోటికి రాదు. మాటల మర్యాద ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ‘మర్యాద’ అన్న మాటకే మొదట హద్దు, పొలిమేర అని అర్థం. కాబట్టి ఇవాళ ఒక ఆఫీసులో నలుగురు నవ్వినంత మాత్రాన ఒక మాట విలువ తేలిపోదు.

అయితే చాదస్తం అన్నది అసలు లేదని నేను అనను. నోటి నుంచి నోటికి వచ్చిన పాత మాట వేరు, పుస్తకంలోంచి ఎత్తి తెచ్చిన పాత మాట వేరు. ‘నేను భోజనము చేసితిని’, ‘వచ్చుచున్నాను’ అని ఎవరైనా మాట్లాడితే నవ్వు రావడం సహజం, ఎందుకంటే అలా ఎవరి బామ్మా మాట్లాడలేదు. ఆ రాతకూ జనం నోటికీ మధ్య ఉన్న అగాధం చూసే గిడుగు రామమూర్తిగారు (1863–1940) తన జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన బడిలోకి తేవాలన్నది ఇళ్ళలో జనం మాట్లాడుకునే తెలుగును. మీ ‘పుచ్చుకోండి’, మీ ‘సందెవేళ’ అలా ఇంట్లో నేర్చినవే. మీకు అవి ఉగ్గుపాలతో వచ్చాయి. ఎవరి మెప్పు కోసమో తెచ్చి పెట్టుకున్నవి కావు. మీకూ, సభల్లో ‘నేను ఇక్కడికి విచ్చేశాను’ అనేవాళ్ళకూ ఉన్న తేడా అదే. విచ్చేయడం ఎదుటి పెద్దలు చేసే పని, మనం వస్తామంతే. ఆ సంగతి మీలాంటివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘దయచేయండి’ అన్న ఒక్క మాటనే గొంతు మార్చి రండి అనీ, ఇక వెళ్ళండి అనీ చెప్పగల అమ్మమ్మల మధ్య పెరిగినవాళ్ళు మీరు.

ఇప్పుడు మీ బేస్తవారం, చేవ్రాలు. వీటి విషయంలో మాత్రం నేను మీ ఆఫీసు వైపే ఉంటాను. ఆ రోజు మీటింగులో మీకు కావలసింది కాగితాలు వేళకు చేతికి రావడం. బేస్తవారం అంటే ఏ రోజో తెలియక ఒకరు శుక్రవారం తెచ్చి ఇస్తే ఆ తప్పు వాళ్ళది కాదు. తేదీలు, లెక్కలు, మందులు, దారి చెప్పడం ఇలాంటివాటిలో అందరికీ తెలిసిన మాటే మర్యాద. అక్కడ గురువారం అనండి, సంతకం అనండి. మీ తాతగారు కూడా రైతుకు అర్థమయ్యేలాగే చెప్పి ఉంటారు గాని, దస్త్రాల్లో ఉన్నది ఉన్నట్టు చదివి ఊరుకుని ఉండరు. అన్నట్టు, ఆ దస్త్రం పారశీకం నుంచి వచ్చిన మాట. చొక్కాకు పెట్టుకునే బొత్తాం, భుజాన వేసుకునే తువాలు పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చాయి. ఇప్పుడవి ఎంతో పాతగా, ఎంతో మనవిగా వినిపిస్తున్నాయి. అందువల్ల ఎవరైనా మిమ్మల్ని ‘అచ్చ తెలుగు’ అని మెచ్చుకుంటే ఆ పొగడ్తకు మరీ లొంగకండి. మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు పెద్ద విషయం కాదు. మన ఇంట్లో ఎన్ని తరాలు నలిగిందన్నదే విషయం.

‘నిరుడు’ సంగతి వేరు. దాన్ని ఒక్క అంగుళం కూడా వదలవద్దు. పోయిన సంవత్సరం అని రెండు మాటల్లో చెప్పేదాన్ని ఒక్క మాటలో చెబుతుంది. దానికి ముందరి ఏడాదికి ‘ముందటేడు’ ఉంది. ఇంత పొదుపైన మాటలు ఉండగా వాటిని పాతవని పక్కన పెట్టడం నష్టం. పైగా మీరున్నది హైదరాబాద్‌లో. తెలంగాణలో నిరుడు ఇప్పటికీ ఇంటింటి మాట, అక్కడి పత్రికలు నిక్షేపంగా వాడుతున్నాయి. మీరు నిరుడు అన్నప్పుడు నవ్వినవాళ్ళలో కరీంనగర్ నుంచో, నల్లగొండ నుంచో వచ్చినవాళ్ళుంటే వాళ్ళ నాయనమ్మ ఏమంటుందో అడిగి చూడండి. ఆ క్షణంలో నవ్వు ఆగిపోయి, ముఖంలో ఇంకేదో వస్తుంది. నేను చూశాను.

ఒక చోట పాతబడిన మాట ఇంకో చోట పొద్దున్నే పొయ్యి దగ్గర వినిపిస్తుంటుంది. కోస్తా ఇళ్ళలో ‘చల్ల’ చాలావరకు ‘చల్లకొచ్చి ముంత దాచినట్టు’ అనే సామెతలోకి వెళ్ళి కూర్చుంది, విస్తరిలో పోసేది మజ్జిగ. తెలంగాణ పల్లెల్లో మాత్రం అన్నంలోకి సల్లే. ‘త్రోవ’ మనకు పద్యాల్లో కనిపిస్తే వాళ్ళకు తొవ్వ రోజూ నడిచే దారి. ఎవరో ఊరికి బయలుదేరితే మనం జాగ్రత్త అంటాం, వాళ్ళు పైలం అంటారు. మీ పక్క సీటు అమ్మాయి దగ్గర కూడా, బయటపెడితే నవ్వుతారేమోనని దాచుకున్న మాటలు ఒక మూట ఉండే ఉంటాయి. మీరు మీవి దాచడం మానేస్తే ఆమె కూడా తనవి బయటికి తీస్తుంది.

పొద్దును గురించి కూడా ఒక మాట చెప్పాలి, నాకు ప్రాణప్రదమైన మాటలు అక్కడే ఉన్నాయి. పగలూ రాత్రీ కలిపి అరవై ఘడియలు, ఘడియకు ఇరవై నాలుగు నిమిషాలు. రోజుకు ఎనిమిది జాములు, జాముకు మూడు గంటలు. ఆ లెక్క ఇప్పుడు పంచాంగంలో తప్ప చెల్లదు. కానీ గడియారం చెప్పలేని సంగతులు ఆ మాటలు చెబుతాయి. ‘సాయంత్రం ఆరు’ అంటే వేసవిలో ఒక వెలుతురు, మార్గశిరంలో ఇంకొకటి. ‘సందెవేళ’ అంటే ఏ నెలలోనైనా ఒకటే: పశువులు ఇంటిముఖం పట్టడం, వాకిట్లో నీళ్ళు చల్లిన వాసన, గూట్లో దీపం. దానికి కాస్త ముందు పొద్దు వాలడం, కాస్త తర్వాత మునిమాపు. ఒక గంటలోపే ఇన్ని మెట్లు. మీరు సందెవేళ ఫోను చేస్తాను అంటే, ఆరింటికి చేస్తాను అన్నదానికంటే ఒక ఇంటి వాతావరణం ఎక్కువ చెప్పారన్నమాట. వినేవాళ్ళు నవ్వినా సరే, ఆ చిత్రం వాళ్ళ కళ్ళ ముందు మెదలకుండా పోదు.

తిట్లలో కూడా మనవాళ్ళు దీవెన దాచారు. ‘నీ ఇల్లు బంగారం కానూ’ అని విసుక్కునేవాళ్ళు. విసుగు విసుగే, ఇల్లు మాత్రం బంగారం కావాలి. ఆశ్చర్యం పట్టలేక ‘ఓరి నీ అసాధ్యం కూలా’ అనేవాళ్ళు. మేలు చేసిన పిల్లాణ్ణి ‘నీ కడుపు చల్లగా’ అనేవాళ్ళు. ఈసారి మీ ఆఫీసులో ఎవరైనా తుమ్మితే ‘చిరంజీవ’ అనండి. బామ్మగారూ అని పిలిస్తే నిండుగా నవ్వి ‘నీ ఇల్లు బంగారం కానూ, ఏం కావాలి నాయనా?’ అనండి. ఆ పేరు బిరుదుగా తీసుకుంటే ఎగతాళి దానంతట అదే చల్లబడుతుంది.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతాను. పాతవన్నీ దాచుకోదగినవి కావు. కులాల పేర్లు పెట్టి హేళన చేసే సామెతలు, భర్త పోయిన స్త్రీని అశుభంగా చూసే మాటలు, గుడ్డి, కుంటి అంటూ ఒంటి లోపాన్ని తిట్టుగా వాడే నుడికారాలు మన పెద్దల నోట బోలెడు. ఎంత ముద్దుగా, ఎంత లయగా ఉన్నా అవి ఎవరినో ఒకరిని నొప్పించడానికి పుట్టాయి. మీ అమ్మమ్మగారి నోట కూడా ఒకటీ అరా విని ఉంటారు. ఆవిడ మీద ప్రేమ ఉంచుకుని, ఆ మాటలను మీ తరం దాటనివ్వకండి. నిండుకుంది అనే మాటను ఏ మనసుతో నిలుపుకుంటామో, అదే మనసుతో వీటిని వదిలేయాలి.

మానేయనా, ఉంచుకోనా అని అడిగారు. ఉంచుకోండి. ఆఫీసులో పని చెడే చోట తప్ప, ముందే తూచుకుని మాట్లాడటం ఆపేయండి. తూచిన మాటకు ఉసురు ఉండదు. మీకు పాత మాట వచ్చినప్పుడు అననివ్వండి, కొత్త మాట వచ్చినప్పుడు దాన్నీ అననివ్వండి. ఇంట్లో మాత్రం కాస్త శ్రద్ధ పెట్టండి. చుట్టం వస్తే ‘భోజనానికి లేవండి’ అని పిలవండి, ‘మారు వడ్డించనా’ అని అడగండి. ఇవి వాడినకొద్దీ ఉండేవే, పెట్టెలో పెడితే పోతాయి.

అమ్మమ్మగారికి మళ్ళీ ఫోను చేశారో లేదో రాయలేదు. చేయండి. క్షమించమని అడగనక్కర్లేదు, ఆవిడ ఎప్పుడో మరిచిపోయి ఉంటారు. ‘బియ్యం తెచ్చుకున్నానమ్మమ్మా’ అనండి, అంతే చాలు. ఆ తర్వాత ఆవిడను ఊరికే బాగున్నావా అని కాకుండా పనుల గురించి అడగండి. ఏదైనా పాత మాట చెప్పమంటే ఎవరికీ గుర్తు రాదు. దాలిగుంటలో పాలు ఎలా కాచేవాళ్ళు, కొత్త కుండను ఎలా వాడకంలోకి తెచ్చేవాళ్ళు, కానుపుకు వచ్చిన కూతురికి ఏం పెట్టేవాళ్ళు అని అడిగితే పని వెంట మాటలు వాటంతట అవే వస్తాయి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలతో 1962లో వృత్తిపదకోశం తెచ్చినప్పుడు ఆ మాటలు సేకరించింది రైతుల నోటి నుంచే. నాగలిలో ఏది మేడి, ఏది నొగ, ఏది కర్రు అన్నది ఆ పని చేసే చేతులకు తెలుసు. మీకు ఆ చేతులు ఇంకా ఫోనుకు అందేంత దగ్గరలో ఉన్నాయి. ఆవిడ చెప్పేటప్పుడు గొంతును ఫోనులోనే దాచుకోండి. పక్కన ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాయనమ్మ పొద్దున్నే వసారాలో గుంజకు తాడు బిగించి చల్ల చిలికేది. నేను ఆ పక్కనే చాప మీద నిద్రకూ మెలకువకూ మధ్య ఉండేవాణ్ణి. మొదట కవ్వం చప్పుడు పలచగా, గలగలమంటూ ఉండేది. ఉన్నట్టుండి ఒక చోట బరువెక్కి, గొంతు మార్చుకునేది. వెన్న పూసలు కట్టబోతోందని గుర్తు. ఆ మార్పు వినగానే ఆమె తాడు ఆపి, కుండలోకి వంగి, ఒక మాట అనేది. చిన్న మాట, రెండక్షరాలో మూడక్షరాలో. ఆ మాట వింటే లేచి చెయ్యి చాచేవాణ్ణి, అరచేతిలో వెన్న పడేది. నాయనమ్మ కాలం చేసి నలభై ఏళ్ళు దాటింది. వసారా గుర్తుంది, కవ్వం చప్పుడు గుర్తుంది, వెన్న చల్లదనం గుర్తుంది. ఆ మాట పోయింది. అడుగుదామంటే మా వైపు ఆ తరంలో ఎవరూ మిగల్లేదు.

కవ్వం చప్పుడు మారి వెన్న పడబోయే ఆ క్షణాన్ని మీ అమ్మమ్మగారు ఏమంటారో అడిగి నాకు రాయండి.